మంచానికి రెండు వైపులా ఆమే

డిమెన్షియా వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదు. పప్పులో ఉప్పు వేశానా లేదా అని సందేహపడటం మతిమరుపు. నలభై ఏళ్లుగా కాస్తున్న పులుసుకు ముందు చింతపండు నానబెట్టాలన్న వరసే తోచక పొయ్యి ముందు నిలబడిపోవడం డిమెన్షియా. మెదడు కణాలు క్రమంగా దెబ్బతిని జ్ఞాపకం, ఆలోచన, మాట, దారి పోల్చుకునే శక్తి ఒకదాని వెనక ఒకటి తగ్గుతూ వస్తాయి. చివరికి స్నానం చేయడం, అన్నం కలుపుకోవడం కూడా చేజారిపోతాయి. దీనికి దారితీసే జబ్బులు చాలా ఉన్నా, నూటికి 60 నుంచి 70 కేసుల్లో కనిపించేది అల్జీమర్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మంది దీనితో బతుకుతున్నారు. వారిలో సగానికి మించి పేద, మధ్యాదాయ దేశాలవారే.

భారతదేశం విషయంలో చాలాకాలం సరైన అంచనా ఉండేది కాదు. ఒక ఊళ్లోనో, ఒక ఆస్పత్రిలోనో చేసిన చిన్న అధ్యయనాలే ఆధారం. లాసీ పేరుతో దేశమంతటా 45 ఏళ్లు పైబడినవారి మీద జరిగిన పెద్ద సర్వే, దానికి అనుబంధంగా డిమెన్షియా మీద ప్రత్యేకంగా చేసిన లాసీ-డాడ్ అధ్యయనం ఆ లోటును చాలావరకు తీర్చాయి. 2023లో వెలువడిన ఆ అంచనా ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవారిలో ఇది 5.8 శాతమైతే ఆడవారిలో 9 శాతం. పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ. 2036 నాటికి మొత్తం సంఖ్య కోటీ 69 లక్షలకు చేరవచ్చని అదే అధ్యయనం చెబుతోంది.

ఆడవారికి ఎందుకు ఎక్కువ? వెంటనే తోచే సమాధానం ఆయుర్దాయం. స్త్రీలు ఎక్కువ కాలం బతుకుతారు, ఈ జబ్బుకు అన్నిటికంటే పెద్ద కారణం వయసు. కొంత జన్యువుల పాత్ర కూడా ఉంది. ఏపీఓఈ-4 అనే జన్యువు ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు పెరుగుతుంది. 65 నుంచి 75 ఏళ్ల మధ్య ఆ ముప్పు మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువగా కనిపించింది. ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజన్ పడిపోవడం మెదడు మీద చూపే ప్రభావం గురించి పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది. హార్మోన్ తగ్గింది కాబట్టి హార్మోన్ ఇస్తే సరిపోతుందని ఒకప్పుడు అనుకున్నారు. అమెరికాలో 65 దాటిన స్త్రీలకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చి చూస్తే డిమెన్షియా తగ్గకపోగా ముప్పు రెట్టింపయిందని 2003లో తేలింది. శరీరధర్మం అంత సులువుగా లొంగే లెక్క కాదు.

అయితే భారతదేశంలో ఈ తేడా అంతటినీ శరీరధర్మం ఖాతాలో వేస్తే అసలు విషయం తప్పిపోతుంది. ఇక్కడ పెద్ద తేడా బడి దగ్గరే మొదలైంది. 1951 జనగణన నాటికి దేశంలో చదవడం రాయడం వచ్చిన మగవారు నూటికి 27 మంది. ఆడవారు తొమ్మిది మంది కూడా లేరు. ఈ రోజు డెబ్బై దాటిన అవ్వలు ఆ కాలపు ఆడపిల్లలే. చిన్నతనంలో చదువు మెదడులో ఒక నిల్వను పోగుచేస్తుందని నాడీశాస్త్రం చెబుతుంది. ముసలితనంలో కణాలు దెబ్బతింటున్నా ఆ నిల్వ ఉన్న మెదడు మరికొన్నాళ్లు తట్టుకుని నిలబడుతుంది. అన్నను బడికి పంపి చెల్లెల్ని పశువుల వెంట పంపిన నిర్ణయానికి ఫలితం అరవై ఏళ్ల తర్వాత ఆమె మెదడులో బయటపడుతోందన్నమాట.

నిల్వ పోగుపడటానికి బడి ఒక్కటే దారి కాదని చూపిన పరిశోధన హైదరాబాదులోనే జరిగింది. నిమ్స్ ఆస్పత్రికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు పరిశీలించారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిసి వినిపించే నగరం అది. ఒక్క భాషే వచ్చినవారి కంటే రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో వారు ప్రకటించారు. చదువు, లింగం, వృత్తి, పల్లె పట్నం తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఈ ఫలితం నిలబడింది. అక్షరం ముక్క రానివారిలో సైతం కనిపించింది. బజారులో ఒక భాష, ఇంట్లో ఒక భాష మాట్లాడుతూ కూరగాయలమ్మే మనిషి మెదడు కూడా రోజూ సాము చేస్తూనే ఉంటుంది. కానీ రెండో భాష రావాలంటే గడప దాటాలి, నలుగురిలో తిరగాలి. ఆ అవకాశం అందరు ఆడవాళ్లకూ ఒకేలా దొరకలేదు.

చదువు లేకపోవడంతో పాటు, మార్చగలిగిన కారణాలు మొత్తం 14 ఉన్నాయని లాన్సెట్ కమిషన్ 2024లో గుర్తించింది. అవన్నీ తొలగించగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు అని దాని అంచనా. బీపీ, షుగర్, కొవ్వు, వినికిడి తగ్గడం, చూపు మందగించడం, కుంగుబాటు, ఒంటరితనం, గాలి కాలుష్యం, పొగతాగడం, మద్యం ఆ జాబితాలో ఉన్నాయి. వీటిలో మద్యం, సిగరెట్టు మగవారికే ఎక్కువ హాని చేసేవి. ఉత్తరాంధ్ర తీరంలో మండే కొనను నోటిలోపల పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలు మాత్రం దానికి మినహాయింపు. మిగతావి తెలుగు ఇళ్లలో ఆడవాళ్లను పట్టుకునే తీరు వేరు. కట్టెల పొయ్యి పొగ ఏళ్ల తరబడి పీల్చింది వాళ్లే. కుంగుబాటు మగవారి కంటే ఆడవారిలో దాదాపు రెట్టింపు. భర్త వయసులో పెద్దవాడు కావడం, పైగా ఆడవారి ఆయుష్షు ఎక్కువ కావడంతో చివరి ఏళ్లు ఒంటరిగా గడిపేది ఎక్కువగా భార్యే. చెవి వినపడని తాతకు మిషన్ కొనే ఇంట్లోనే అవ్వకు వినపడకపోతే గట్టిగా అరిచి సరిపెట్టుకుంటారు. వినపడని మనిషి మాటల్లో కలవదు. మాటల్లో కలవని మెదడు త్వరగా చిక్కిపోతుంది.

ముసలితనానికి చాలా ముందే స్త్రీ మెదడుకు వచ్చే ఆపదలూ ఉన్నాయి. మైగ్రేన్ మగవారి కంటే ఆడవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అయినా ఇంట్లో దాని పేరు తలనొప్పే, దానికి మందు ఒక కప్పు కాఫీయే. కాన్పు తర్వాతి రోజుల్లో మెదడు నుంచి రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరల్లో గడ్డ కట్టే జబ్బు భారతీయ ఆస్పత్రులకు బాగా తెలిసినది. బాలింతకు నీళ్లు ఎక్కువ పట్టకూడదనే పథ్యం వల్ల ఒంట్లో నీరు తగ్గడం, దానికి రక్తహీనత తోడవడం ఈ ముప్పును పెంచే కారణాలుగా వైద్యులు చెబుతారు. విపరీతమైన తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వచ్చిన బాలింతకు గాలి సోకిందనో, సన్ని కమ్మిందనో తాయెత్తు కట్టి కూర్చుంటే విలువైన గంటలు పోతాయి.

మూర్ఛ కథ మరోరకం. హిందూ వివాహ చట్టం పెళ్లికి అడ్డుగా లెక్కించిన వాటిలో ఒకప్పుడు మూర్ఛ కూడా ఉండేది. 1999లో సవరణ తెచ్చి దాన్ని తీసేశారు. చట్టం మారినంత తొందరగా పెళ్లిచూపులు మారలేదు. ఫిట్స్ ఉన్న సంగతి దాచి పెళ్లి చేస్తారు. అత్తవారింట్లో మాత్ర వేసుకుంటే బయటపడుతుందని అమ్మాయి మందు మానేస్తుంది. మానేసిన మందు వల్ల ఫిట్స్ తిరగబెడతాయి. ఇంతలో గర్భం వస్తే, వాల్‌ప్రొయేట్ వంటి కొన్ని మందులు బిడ్డకు హాని చేస్తాయన్నది ముందుగా చెప్పి, మందు మార్చే డాక్టరు ఉండాలి. దాపరికంలో ఆ డాక్టరు దగ్గరికి వెళ్లేదెలా?

మందుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక సంగతి. గర్భం వచ్చే వయసులోని స్త్రీలను కొత్త మందుల తొలిదశ పరీక్షలకు తీసుకోవద్దని అమెరికా ఔషధ సంస్థ 1977లో సూచించింది. 1993 దాకా ఆ నియమం అమలులో ఉంది. బిడ్డకు హాని జరగకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ మోతాదులు మగ శరీరాల కొలతతో నిర్ణయమయ్యాయి. నిద్రమాత్ర జోల్పిడెమ్ ఆడవారి ఒంట్లో నెమ్మదిగా కరుగుతుందని, మర్నాడు పొద్దుటికీ మత్తు వదలదని గమనించి, వారి మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమన్నది 2013లో! అప్పటికి ఆ మందు బజారులోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది.

ఇక జబ్బును గుర్తించడం. డిమెన్షియాలో తొలి తప్పులు ఎక్కడ జరుగుతాయన్నది మనిషి రోజూ చేసే పనిని బట్టి ఉంటుంది. ఉద్యోగం చేసి రిటైరయిన మగమనిషి బ్యాంకులో సంతకం తప్పుతాడు, తెలిసిన వీధిలో దారి తప్పుతాడు. నలుగురి కళ్లలో పడుతుంది, ఆస్పత్రికి తీసుకెళ్తారు. ఇల్లాలి తప్పులు వంటింట్లో జరుగుతాయి. కూరలో రెండుసార్లు ఉప్పు పడుతుంది, పాలు పొంగి స్టవ్ ఆరిపోతుంది, అడిగిందే అడుగుతుంది. వాటికి జబ్బు అన్న పేరు రాదు. చాదస్తం అంటారు, పరధ్యానం అంటారు, కోపం వస్తే ఇంకా ఏదో అంటారు. వంటింటి బాధ్యత కోడలి చేతికి మారుతుంది, పెద్దామె ఒక మూలన కూర్చుంటుంది. దాంతో గుర్తించడానికి మిగిలిన ఆ కొద్ది ఆనవాళ్లు కూడా మాయమవుతాయి.

ఆస్పత్రికి వెళ్లాక పరీక్ష దగ్గరా చిక్కే. జ్ఞాపకశక్తిని కొలిచే పాత పరీక్షలు చదువుకున్నవారి కోసం తయారైనవి. వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ పొమ్మంటాయి, ఒక వాక్యం రాయమంటాయి, బొమ్మ చూసి గీయమంటాయి. జీవితంలో పెన్సిల్ పట్టని మనిషి వీటిలో తప్పితే అది జబ్బో, చదువు లేకపోవడమో తేల్చలేరు. ఈ చిక్కును తీర్చడానికే భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళ భాషల్లో ఒక పరీక్షా సామగ్రిని సిద్ధం చేయించింది. చదువుకున్న ఆడవారి విషయంలో ఇబ్బంది తలకిందులుగా ఉంటుంది. మాటలు గుర్తుపెట్టుకునే పరీక్షల్లో స్త్రీలు సహజంగా మెరుగ్గా ఉండటంతో, మెదడులో జబ్బు ముదురుతున్నా తొలిదశలో వారికి మార్కులు బాగానే వస్తాయి. ఒకరిని లేని జబ్బుతో ముద్ర వేసే పరీక్షే మరొకరిలో ఉన్న జబ్బును దాచిపెట్టగలదు.

వైద్యశాస్త్రంలో నమోదైన మొదటి అల్జీమర్స్ రోగి కూడా స్త్రీయే. పేరు అగస్టె డేటర్. 1901లో, 51 ఏళ్ల వయసులో ఉన్న ఆమెను, రైల్వే గుమాస్తా అయిన భర్త ఇంట్లో చూసుకోలేక ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో చేర్చాడు. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినిలో చూసి జబ్బును వర్ణించిన డాక్టర్ అలోయిస్ అల్జీమర్ పేరే దానికి స్థిరపడింది.

భర్తలు చూసుకోలేకపోవడం కొత్త కాదు. డిమెన్షియా ఉన్నవారికి ప్రపంచంలో అందుతున్న సంరక్షణ గంటల్లో 70 శాతం స్త్రీలవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భార్య, కూతురు, కోడలు. తెలుగు ఇళ్లలో ఎక్కువగా మూడో మనిషి. కేంద్ర గణాంక శాఖ 2024 కాల వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల మధ్య స్త్రీలలో 41 శాతం ఇంట్లోవారి సంరక్షణ చేస్తున్నారు, పురుషులలో 21.4 శాతం. ఇందులో పిల్లల పెంపకమే ఎక్కువ భాగం కావచ్చు. ఆరేళ్లు దాటిన అందరిలో ఈ పని చేసేవారిని మాత్రమే తీసుకుంటే, రోజుకు స్త్రీలు 137 నిమిషాలు, పురుషులు 75 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. 2019లో ఇవి 134, 76. ఐదేళ్లలో మగవారి వాటా ఒక నిమిషం తగ్గింది. వంట, ఊడ్పు, బట్టలు వంటి ఇంటిపని దీనికి అదనం.

నిమిషాల లెక్కకు అందనిది ఈ పనిలో చాలా ఉంది. పొద్దున మందులు మింగించడం, పళ్లు తోమించడం, చీర మార్చడం, ముద్దలు కలిపి పెట్టడం, అరగంటకోసారి బాత్రూముకు తీసుకెళ్లడం లెక్కకు వస్తాయి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పెద్దావిడ బట్టలు మూట కట్టుకుని మా ఇంటికి పోతానని గుమ్మం దగ్గర నిలబడుతుంది. ఉన్నది తన ఇంట్లోనే. ఆమె వెతుకుతున్నది ఎప్పుడో పోయిన పుట్టిల్లు. ఇది నీ ఇల్లే అత్తయ్యా అని వాదిస్తే కోపం పెరుగుతుంది. సరే, కాఫీ తాగి వెళ్దువుగాని అని మాట మళ్లిస్తే ఆ పూటకు గండం గడుస్తుంది. ఇది ఏ బడిలోనూ చెప్పరు, కోడలు దెబ్బలు తిని నేర్చుకుంటుంది. రాత్రి పెద్దామె లేచి గొళ్లెం తీస్తుందేమోనని సగం చెవి అటే వేసి పడుకోవడాన్ని ఏ సర్వే అయినా నిద్ర కిందే రాసుకుంటుంది.

ఈ జబ్బులో ఎక్కువగా కనిపించే భ్రమ, తన వస్తువులు ఎవరో దొంగిలించారని నమ్మడం. ఆ నింద సహజంగా ఎప్పుడూ పక్కన ఉండే మనిషి మీదే పడుతుంది. నా గాజులు కోడలే తీసింది, నాకు అన్నం పెట్టడం లేదు అని పెద్దామె అంటుంది. నెలకోసారి వచ్చే ఆడపడుచు అది నమ్ముతుంది. వచ్చిన గంటసేపు అమ్మ బాగానే మాట్లాడింది కదా అంటుంది. నిజమే, తొలిదశలో కొత్తవారి ముందు రోగులు కాసేపు కూడదీసుకుని మామూలుగా ఉండగలరు. కొడుకు వంతు పని సాధారణంగా ఆస్పత్రికి తీసుకెళ్లడం, బిల్లు కట్టడం, నిర్ణయం చెప్పడం. అవీ అవసరమే, కాదనలేం. కానీ అవి నెలకు ఒకటి రెండు రోజుల పనులు.

పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగు ఇళ్లలో చిత్రం కొంచెం మారింది. డబ్బు బయటినుంచి వస్తుంది, మనిషిని ఏజెన్సీ పంపుతుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో ఇలా వచ్చే కేర్‌టేకర్, ఆయా కూడా ఆడమనిషే. పగలూ రాత్రీ ఆ ఇంట్లోనే ఉండి, తన ఇంట్లో ముసలివాళ్లను పెద్ద కూతురికి అప్పగించి వస్తుంది. ఆ కూతురి చదువు ఏమవుతుందన్న ప్రశ్న మళ్లీ మొదటికే తీసుకెళ్తుంది.

సంరక్షణ చేసేవారి ఒంటికి ఏమవుతుందో కొలిచినవారు ఉన్నారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డిమెన్షియా ఉన్న బంధువులను చూసుకుంటున్న 13 మంది స్త్రీలను, అదే వయసున్న మరో 13 మందిని తీసుకుని, ముంజేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాటు పెట్టి అది ఎన్నాళ్లకు మానుతుందో చూశారు. మామూలువారికి సగటున 39 రోజులు పట్టింది, సంరక్షకులకు దాదాపు 49. మనసు మీది భారం గాయం మానడాన్ని కూడా ఆలస్యం చేస్తుందని 1995లో ఈ అధ్యయనం చూపింది. భార్యనో భర్తనో చూసుకుంటూ ఆ ఒత్తిడికి నలిగిపోయిన వృద్ధులలో నాలుగేళ్లలో మరణాల ముప్పు 63 శాతం ఎక్కువని 1999లో మరో అధ్యయనం తేల్చింది. నిద్రలేమి, కుంగుబాటు, బయటికి కదలలేకపోవడం, తన బీపీ మాత్ర తానే మరిచిపోవడం వంటివన్నీ చూసుకునే మనిషిని కూడా పైన చెప్పిన 14 కారణాల జాబితాకు దగ్గర చేస్తాయి. అంటే ఒక తరం జబ్బు పడితే, దాన్ని సాకిన తరం తన వంతు ముప్పును అక్కడే కొని తెచ్చుకుంటోంది.

చట్టం ఈ చూసుకునే మనిషిని ఇంకా సరిగ్గా చూడలేదు. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో బాధ్యత కొడుకు, కూతురు, మనవడు, మనవరాలిది. కోడలి పేరు లేదు. కోడలు, అల్లుడు కూడా బాధ్యులేనంటూ 2019లో ఒక సవరణ బిల్లు పార్లమెంటు ముందుకు వచ్చింది. చేస్తున్న పనికి గుర్తింపు రాకముందే చేయకపోతే వచ్చే బాధ్యత రాబోయిందన్నమాట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి పిల్లల సంరక్షణ కోసం 730 రోజుల సెలవు దొరుకుతుంది. మతి తప్పిన తల్లి కోసమో, అత్త కోసమో అలాంటి ప్రత్యేక సెలవు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం అన్న మాట ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 నుంచి నెలకు 15 వేల రూపాయల పింఛను అందుతోంది. ఇంటికి అది పెద్ద ఊరట, సందేహం లేదు. అయితే అది రోగి పేరిట వచ్చేది. చూసుకునే మనిషి పేరిట నేరుగా సొమ్ము ఇచ్చే పథకం కేరళలో ఉంది. దాని పేరు ఆశ్వాసకిరణం, ఇచ్చేది నెలకు 600 రూపాయలు. మొత్తం చిన్నదే అయినా, ఇంట్లో పని చేస్తున్నది ఫలానా మనిషి అని ప్రభుత్వ పుస్తకంలో రాసుకోవడం అక్కడ జరిగింది.

ఖరీదైన మందులు లేకుండానే చేయగలిగింది చాలా ఉంది. గోవాలో 81 కుటుంబాలతో జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2008లో వెలువడ్డాయి. స్థానిక భాష వచ్చిన కార్యకర్తలకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి ఆరు నెలలు ఇళ్లకు పంపారు. జబ్బు ఏమిటో వివరించడం, రోగి కోపాన్ని మళ్లించే ఉపాయాలు చెప్పడం, ఇంట్లో పని ఒక్కరి మీదే పడకుండా మిగతావారితో మాట్లాడటం, అవసరమైతే డాక్టరు చేత మందు రాయించడం వారి పని. దీనివల్ల చూసుకునేవారి మానసిక స్థితి స్పష్టంగా మెరుగుపడింది. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి ఆసరా కోసం ఫోన్ నంబర్లు ఉన్నాయి. మానసిక ఆరోగ్యానికి టెలి-మానస్ 14416, వృద్ధుల సమస్యలకు ఎల్డర్ లైన్ 14567. రెండింటికీ చార్జీ లేదు. రోగి గురించే కాక, తన నిద్ర గురించి, తన దిగులు గురించి కూడా సంరక్షకురాలు వాటికి ఫోన్ చేయవచ్చు.

ఊళ్లలో బీపీ, షుగర్ పరీక్షలకు ఇల్లిల్లూ తిరిగే ఏర్పాటు ఇప్పటికే ఉంది. అరవై దాటిన ఆడవారి విషయంలో దానికి మూడు ప్రశ్నలు కలిపితే చాలు. చెవి వినపడుతోందా, కళ్లు కనపడుతున్నాయా, ఏడాది క్రితం చేసుకున్న పనుల్లో ఇప్పుడు చేతకానివి ఏమైనా ఉన్నాయా? నాలుగో ప్రశ్న ఆ ఇంట్లో చూసుకునే మనిషిని అడగాల్సింది: రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావమ్మా అని. ఇవన్నీ అడిగి రాసుకోవాల్సింది ఆశా కార్యకర్తలు. వాళ్లూ ఆడవాళ్లే, జీతం కాక పారితోషికం మీద పనిచేస్తున్నవాళ్లే. కొత్త పని అప్పగించేటప్పుడు దానికి కొత్త సొమ్ము కూడా పద్దులో రాయాల్సి ఉంటుంది.